అమెరికాలో సొంత ఇంట్లో ఆత్మరక్షణకు తుపాకీ వాడితే చట్టం ఎంతవరకు అండగా నిలుస్తుంది?

ప్రశ్న: గడప

అందరికీ నమస్కారం. మేము టెక్సాస్‌లో ఉంటున్నాము. నాకూ నా భార్యకూ గ్రీన్‌కార్డు ఉంది. మా వీధిలో ఈ మధ్య దొంగలు పడ్డారని తెలిసినప్పటి నుంచి ఇంట్లో తుపాకీ ఉంచుకోవాలా వద్దా అన్న చర్చ నడుస్తోంది. కొనడం మంచిదా కాదా అని నేను ఇక్కడ అడగడం లేదు, ఆ నిర్ణయం మేమే తీసుకుంటాము. కొన్న తరువాత నిజంగా వాడవలసిన పరిస్థితి వస్తే చట్టం నన్ను ఎలా చూస్తుందో ముందుగా తెలుసుకోవాలన్నది నా ఉద్దేశం.

నా సందేహాలు ఇవి. రాత్రివేళ ఎవరైనా తలుపు పగలగొట్టుకొని లోపలికి వస్తే, పారిపోయే దారి ఉన్నా పారిపోకుండా కాల్చవచ్చా? మనిషి ఇంకా లోపలికి రాలేదు, వాకిట్లోనో కారు షెడ్డులోనో ఉన్నాడు, అప్పుడు కూడా అదే హక్కు ఉంటుందా? పోలీసులు కేసు పెట్టకపోయినా గాయపడినవాడు, లేదా అతని కుటుంబం, నష్టపరిహారానికి దావా వేయవచ్చా? చివరిగా, హెచ్‌1బీ వీసా మీద ఉన్న మా బావమరిది మాతోనే ఉంటున్నాడు, వేసవిలో మా అమ్మానాన్నలు సందర్శక వీసా మీద వస్తారు. వీరందరూ ఉన్న ఇంట్లో తుపాకీ ఉండటం వల్ల వారికి ఏదైనా చిక్కు వస్తుందా? ఉద్యోగరీత్యా వచ్చే ఏడాది న్యూజెర్సీకి మారే అవకాశం కూడా ఉంది కనుక ఒక్క టెక్సాస్ గురించే కాకుండా మిగతా రాష్ట్రాల తేడాలు కూడా చెప్పగలిగితే మేలు.


సమాధానం: నల్లకోటు

గడప గారూ, మీ మొదటి ప్రశ్నకు అవుననో కాదనో ఒక్క మాటలో చెప్పలేము గాని, దాని వెనుక ఉన్న చట్టపు నిర్మాణం అర్థమైతే మిగతావి వాటంతటవే విడిపోతాయి. ఇక్కడ నేను రాసేది సాధారణ అవగాహన కోసమే. మీ పరిస్థితికి వర్తించే సలహా మీ రాష్ట్రంలో క్రిమినల్ కేసులు వాదించే న్యాయవాది నుంచే తీసుకోవాలి.

ఆత్మరక్షణ కోసం ఒకరి ప్రాణం తీయగల బలాన్ని ప్రయోగించడానికి దాదాపు అన్ని రాష్ట్రాలూ ఒకే మూలసూత్రాన్ని పాటిస్తాయి. చావు గాని తీవ్రమైన గాయం గాని అప్పటికప్పుడు మీద పడబోతోందని మీరు నిజంగా నమ్మి ఉండాలి, మీ స్థానంలో ఉన్న వివేకవంతుడైన మరొక మనిషి కూడా అలాగే నమ్మి ఉండేవాడని జ్యూరీకి అనిపించాలి. మొదటిది మీ మనసుకు సంబంధించినది, రెండవది బయటి కొలమానం. ఎంత భయపడ్డానో చెప్పుకున్నంత మాత్రాన రెండవది తీరదు.

ఈ మూలసూత్రానికి ఇంటి విషయంలో రెండు సడలింపులు చేరాయి. మొదటిది చాలా పాతది. 1604లో ఇంగ్లండులో సెమేన్ కేసును నమోదు చేస్తూ న్యాయకోవిదుడు ఎడ్వర్డ్ కోక్, ప్రతి మనిషికీ తన ఇల్లే కోట అన్న భావాన్ని రాసిపెట్టాడు. నేటి క్యాజిల్ డాక్ట్రిన్ అన్న పేరుకు మూలం అదే. ఇంటి బయట, తప్పించుకోగలిగినప్పుడు తప్పించుకోవాలన్న బాధ్యతను న్యూయార్క్, న్యూజెర్సీ, మసాచుసెట్స్ వంటి రాష్ట్రాలు ఇప్పటికీ ఉంచాయి గాని, ఆ రాష్ట్రాలలో కూడా సొంత ఇంట్లో ఉన్న మనిషి, గొడవను తాను మొదలుపెట్టనంత వరకు, వెనక్కి తగ్గవలసిన పని లేదు. కాబట్టి పారిపోయే దారి ఉన్నా పారిపోనవసరం లేదా అన్న మీ ప్రశ్నకు, మీ ఇంట్లో మీరు ఉన్నప్పుడు, టెక్సాస్‌లోనూ న్యూజెర్సీలోనూ జవాబు ఒక్కటే: పారిపోనవసరం లేదు. అయితే పారిపోనవసరం లేకపోవడం వేరు, కాల్చే హక్కు ఉండటం వేరు. ఈ రెండింటినీ కలిపి చూడటం వల్లనే సగం అపార్థాలు పుడుతున్నాయి.

రెండవ సడలింపు ఇటీవలిది, ఇంకా బలమైనది. మీ భయం సహేతుకమైనదేనని చట్టమే ముందుగా ఊహించుకోవడం. ఫ్లోరిడా 2005లో ఇటువంటి చట్టాన్ని తెచ్చిన తరువాత చాలా రాష్ట్రాలు అదే బాటలో నడిచాయి, టెక్సాస్ 2007లో తన శిక్షాస్మృతిలోని 9.31, 9.32 సెక్షన్లను ఆ మేరకు సవరించింది. నిజానికి కాలిఫోర్నియా శిక్షాస్మృతిలోని 198.5 సెక్షన్ 1984 నాటిది, అంటే ఈ ఊహను చట్టంలో పెట్టడంలో ఉదారవాద రాష్ట్రమని పేరుపడ్డ కాలిఫోర్నియాయే ఫ్లోరిడా కంటే ముందున్నది. ఈ చట్టాల సారం ఏమిటంటే, ఒకడు అక్రమంగా, బలవంతంగా మీ నివాసంలోకి చొరబడినప్పుడు, మీకు ప్రాణభయం కలగడం సహజమేనని న్యాయస్థానం ముందుగానే అంగీకరిస్తుంది. దానిని నిరూపించే భారం మీ మీద ఉండదు.

ఇక్కడ ‘అక్రమంగా’, ‘బలవంతంగా’ అన్న రెండు షరతులూ కలిసి ఉండాలని గమనించండి. తెరిచి ఉంచిన తలుపులోంచి తాగిన మత్తులో పొరపాటున నడిచి వచ్చిన మనిషి విషయంలో ఈ ఊహ మీకు దక్కకపోవచ్చు, అప్పుడు మీరు మూలసూత్రం ప్రకారమే సమాధానం చెప్పుకోవాలి. ఆ ఇంట్లో ఉండే హక్కు ఉన్నవారి మీద కూడా ఇది సాధారణంగా వర్తించదు కాబట్టి, కుటుంబ తగాదాలలో క్యాజిల్ డాక్ట్రిన్ పేరు చెప్పుకొని బయటపడటం సాధ్యం కాదు. మీరే ఎదుటివాడిని రెచ్చగొట్టి ఉన్నా, ఆ సమయంలో మీరే ఏదైనా నేరం చేస్తూ ఉన్నా, టెక్సాస్ చట్టం ఈ రక్షణను తీసివేస్తుంది. చిన్నపాటి ట్రాఫిక్ ఉల్లంఘనలకు మాత్రం మినహాయింపు ఉంది.

కొన్ని రాష్ట్రాలు తమదైన కొలత పెట్టుకున్నాయి. కొలరాడో 1985లో తెచ్చిన చట్టం ప్రకారం, చొరబాటుతో పాటు మరొక నేరం కూడా చేశాడని, లేదా చేయబోతున్నాడని మీరు సహేతుకంగా నమ్మాలి, లోపల ఉన్నవారి మీద అతడు ఎంత స్వల్పమైనా సరే భౌతిక బలం వాడవచ్చని కూడా నమ్మాలి. మసాచుసెట్స్‌లో చొరబడినవాడు చావు గాని తీవ్ర గాయం గాని కలిగించబోతున్నాడన్న సహేతుకమైన నమ్మకం మీకే ఉండాలి, చట్టం మీ తరఫున ఊహించదు. న్యూయార్క్ శిక్షాస్మృతిలోని 35.20 సెక్షన్ నివాసంలో దొంగతనానికి చొరబడుతున్నవాడిని ఆపడానికి అవసరమని సహేతుకంగా నమ్మితే ప్రాణాంతక బలాన్ని అనుమతిస్తుంది. ఇది చూసినవారికి కొంత ఆశ్చర్యంగానే ఉంటుంది. తుపాకీ కొనడంలో కఠినంగా ఉన్న రాష్ట్రం ఇంటి రక్షణలోనూ కఠినంగానే ఉంటుందన్న లెక్క ఎప్పుడూ సరిపోదు.

విచారణ దాకా వెళ్లినా, ఆత్మరక్షణకు కొంత ఆధారం చూపించగలిగితే చాలు, అది ఆత్మరక్షణ కాదని సందేహానికి తావు లేకుండా నిరూపించవలసినది ప్రాసిక్యూషనే. ఆ భారాన్ని చాలాకాలం నిందితుడి మీదనే మోపుతూ వచ్చిన చివరి రాష్ట్రం ఒహాయో, అది కూడా 2019లో మారింది.


సమాధానం: ఏకలవ్య

నల్లకోటు గారు అన్ని రాష్ట్రాలనూ కలిపి చెప్పడం వల్ల విషయం అవసరానికి మించి భయపెట్టేదిగా తయారైందని నాకనిపిస్తోంది. గడప గారు ఉన్నది టెక్సాస్‌లో. అక్కడి 9.42 సెక్షన్ ప్రాణాన్నే కాదు, ఆస్తిని కాపాడుకోవడానికి కూడా కాల్చడాన్ని అనుమతిస్తుంది, రాత్రివేళ దొంగతనం చేసి సొత్తుతో పారిపోతున్నవాడిని కూడా ఆపవచ్చు. 2007లో అక్కడి పాసడీనా పట్టణంలో ఒకాయన తన ఇంట్లో కూడా కాదు, పక్కింట్లో దొంగతనం చేసి వస్తున్న ఇద్దరిని కాల్చి చంపితే, 2008లో గ్రాండ్ జ్యూరీ (కేసు విచారణకు వెళ్లాలా వద్దా అని ముందుగా తేల్చే పౌరుల బృందం) ఆయన మీద అభియోగమే మోపలేదు. వాకిలి, కారు షెడ్డు అన్న తేడాలు అక్కడ పట్టించుకోనవసరం లేదన్నది నా అభిప్రాయం.


సమాధానం: పాతకాపు

ఏకలవ్య గారు ఉదహరించిన సెక్షన్ ఉన్నమాట నిజమే, పాసడీనా సంఘటన కూడా నిజమే. కాని ఆ సెక్షన్‌ను సగం చదివి వదిలేయడం ప్రమాదకరం. పారిపోతున్నవాడి మీద కాల్చాలంటే, ఆ సొత్తును మరే మార్గంలోనూ కాపాడుకోవడం, తిరిగి రాబట్టుకోవడం సాధ్యం కాదని, లేదా తక్కువ బలం వాడితే తన ప్రాణానికే గణనీయమైన ముప్పు ఉంటుందని సహేతుకంగా నమ్మి ఉండాలని అదే సెక్షన్ చెబుతుంది. బీమా ఉన్న కారు గురించి ఆ మాట జ్యూరీ ముందు నిలబెట్టడం ఎంత కష్టమో మీరే ఊహించుకోండి. గ్రాండ్ జ్యూరీ ఒక మనిషిని వదిలేయడం ఆ ఒక్క సంఘటనకు సంబంధించిన నిర్ణయమే తప్ప, రాబోయే కేసులను కట్టిపడేసే తీర్పు కాదు. పైగా ఆస్తి కోసం ఇంత దూరం వెళ్లే చట్టం అమెరికాలో అరుదు, మీరు న్యూజెర్సీకి మారిన రోజున అది మీ వెంట రాదు.

అసలు కేసులన్నీ ఎక్కడ పుడుతున్నాయో చూడండి. తలుపు పగలగొట్టుకొని లోపలికి వచ్చినవాడిని ఎదురుగా చూసి కాల్చినవారు జైలుకు వెళ్లిన సందర్భాలు తక్కువ. జైలుకు వెళ్లినవారిలో ఎక్కువమంది తలుపుకు అవతల, అంటే గుమ్మం బయట నిలబడిన మనిషిని కాల్చినవారు, లేదా ప్రమాదం తీరిపోయిన తరువాత కూడా కాల్చినవారు.

1992 అక్టోబరులో లూసియానాలోని బాటన్ రూజ్‌లో హట్టోరి యోషిహిరో అనే పదహారేళ్ల జపాను విద్యార్థి హాలోవీన్ విందుకు వెళ్లబోయి వేరే ఇంటి తలుపు తట్టాడు. ఇంటి యజమాని తుపాకీతో బయటికి వచ్చి ‘ఫ్రీజ్’ అని అరిచాడు. కదలవద్దని దాని అర్థం. ఆ కుర్రవాడు ఆగకుండా ముందుకు రావడంతో కాల్చి చంపాడు. మరుసటి ఏడాది జ్యూరీ ఆ యజమానిని నిర్దోషిగా వదిలేసింది. కాని 1994లో సివిల్ కోర్టు ఆ కుటుంబానికి ఆరున్నర లక్షల డాలర్లకు పైగా చెల్లించాలని తీర్పు ఇచ్చింది. గడప గారి మూడవ ప్రశ్నకు ఇది సూటి జవాబు. క్రిమినల్ కేసులో బయటపడినంత మాత్రాన సివిల్ దావా ఆగదు, ఎందుకంటే అక్కడ నిరూపణ ప్రమాణం చాలా తక్కువ. అప్పటి నుంచి టెక్సాస్, ఫ్లోరిడా వంటి రాష్ట్రాలు చట్టబద్ధంగా బలం వాడినవారికి సివిల్ దావాల నుంచి కూడా రక్షణ కల్పించాయి. అయితే అన్ని రాష్ట్రాలూ అలా చేయలేదు, చేసిన చోట కూడా ‘చట్టబద్ధంగా’ అన్నది ముందు తేలాలి. ఈలోగా న్యాయవాదికయ్యే ఖర్చు మీదే. ఆత్మరక్షణ అని తేలి నిర్దోషిగా విడుదలైనవారికి ఆ ఖర్చును రాష్ట్రమే తిరిగి ఇచ్చే ఏర్పాటు వాషింగ్టన్ రాష్ట్రంలో ఉంది గాని, అటువంటివి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

2013లో మిషిగన్‌లోని డియర్‌బోర్న్ హైట్స్‌లో తెల్లవారుజామున తలుపు బాదిన పంతొమ్మిదేళ్ల యువతిని ఒక ఇంటాయన జాలీ తలుపు వెనుక నుంచే కాల్చి చంపాడు. భయపడ్డానని ఆయన చెప్పుకున్నా జ్యూరీ నమ్మలేదు, 2014లో రెండవ శ్రేణి హత్య కింద శిక్ష పడింది. 2023లో న్యూయార్క్ రాష్ట్రపు పల్లె ప్రాంతంలో దారి తప్పి ఒక ఇంటి ముంగిట్లోకి వచ్చి తిరిగి వెళ్లిపోతున్న కారు మీద ఇంటి యజమాని కాల్చగా, అందులోని ఇరవై ఏళ్ల యువతి చనిపోయింది. అతనికి 25 ఏళ్ల నుంచి జీవితకాలం వరకు జైలుశిక్ష పడింది. అదే వారంలో మిస్సోరీలోని కాన్సస్ సిటీలో తమ్ముళ్లను తీసుకువెళ్లడానికి వచ్చి వేరే ఇంటి గంట నొక్కిన పదహారేళ్ల కుర్రవాడిని ఒక వృద్ధుడు తలుపు అద్దంలోంచి కాల్చాడు. కుర్రవాడు బతికాడు గాని, వృద్ధుడు 2025లో నేరం ఒప్పుకోవలసి వచ్చింది. ఈ సంఘటనలన్నింటిలోనూ బలవంతపు చొరబాటు లేదు. గుమ్మం దాటి ఎవరూ లోపలికి రాలేదు.

ఇక ప్రమాదం తీరిన తరువాతి మాట. 2012లో మినసోటాలోని లిటిల్ ఫాల్స్‌లో, అంతకు ముందు పలుమార్లు దొంగతనాలకు గురైన ఒకాయన నేలమాళిగలో కుర్చీ వేసుకొని కాచుకొని కూర్చున్నాడు. కిటికీ పగలగొట్టి లోపలికి వచ్చిన ఇద్దరు టీనేజీ పిల్లలను, గాయపడి పడిపోయిన తరువాత కూడా మళ్లీ కాల్చాడు. వారు చొరబడ్డారన్నది నిర్వివాదం. అయినా ఆయనకు మొదటి శ్రేణి హత్య కింద పెరోల్ లేని జీవితఖైదు పడింది. తొలి తూటాకు ఉన్న న్యాయబద్ధత మలి తూటాకు దానంతట అదే రాదు, ప్రతి తూటాకూ విడిగా ప్రాణభయం చూపించవలసి ఉంటుంది. యజమాని ఇంట్లో లేని ఇంటికి, తలుపు తెరవగానే దానంతట అదే పేలే ఉచ్చు తుపాకీ కట్టడం కూడా చెల్లదని అయోవా సుప్రీంకోర్టు 1971లో కాట్కో కేసులో తేల్చింది. పాడుబడ్డ ఇంట్లో పాత సీసాలు ఎత్తుకుపోవడానికి వచ్చి కాలు పోగొట్టుకోబోయిన దొంగకు, ఇంటివారు 30 వేల డాలర్లు చెల్లించాలన్న తీర్పు నిలిచింది. తర్కం సరళమే: ఇంట్లో మనిషే లేనప్పుడు కాపాడుకోవలసిన ప్రాణమూ లేదు.

గడప గారి రెండవ ప్రశ్నకు వస్తే, ఇల్లు ఎక్కడి వరకు అన్నది కూడా రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. ఫ్లోరిడా చట్టం ఇంటికి ఆనుకొని ఉన్న వరండాను కూడా నివాసంలోనే కలుపుతుంది. చాలాచోట్ల ఇంటికి అంటుకొని ఉన్న కారు షెడ్డుకూ, దూరంగా విడిగా ఉన్న దానికీ తేడా చూస్తారు. ఆరుబయట పచ్చిక మీద నిలబడినవాడు మాత్రం ఎక్కడా ఇంట్లోకి చొరబడినవాడి కిందికి రాడు. టెక్సాస్‌లోని 9.05 సెక్షన్‌ను కూడా ఒకసారి చదవండి. దొంగ మీద కాల్చడం న్యాయబద్ధమే అయినా, నిర్లక్ష్యంగా కాల్చిన తూటా సంబంధం లేని మూడవ మనిషికి తగిలితే, ఆ మనిషి విషయంలో ఆత్మరక్షణ అన్న వాదన పనికిరాదు. చెక్క చట్రాలకు పలచని పలకలు బిగించి కట్టే ఇక్కడి గోడల్లోంచి పిస్తోలు తూటా సులువుగా దూసుకుపోతుంది, ఆ గోడకు అవతల నిద్రపోయేది మీ పిల్లలే కావచ్చు.


సమాధానం: రెండో సంతకం

పై ముగ్గురూ కాల్చడం గురించే రాశారు. గడప గారి ఇంటి విషయంలో దానికంటే ముందు తేలవలసినది, ఆ తుపాకీ ఎవరి చేతిలో ఉండవచ్చన్న సంగతి. మనవాళ్లలో చాలామందికి ఈ భాగం తెలియదు.

తుపాకీ కలిగి ఉండే విషయంలో రాష్ట్ర చట్టం మీద ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వపు చట్టం ఉంది. యు.ఎస్. కోడ్ 18వ భాగంలోని 922 సెక్షన్ ప్రకారం, వలసేతర వీసా మీద దేశంలోకి వచ్చినవారు తుపాకీ గాని తూటాలు గాని కలిగి ఉండరాదు. హెచ్‌1బీ, వారి కుటుంబసభ్యులకిచ్చే హెచ్‌4, విద్యార్థి వీసా, సందర్శక వీసా, ఇవన్నీ వలసేతర వీసాలే. గ్రీన్‌కార్డు ఉన్నవారు ఈ నిషేధం కిందికి రారు కనుక మీరూ మీ భార్యా కొనవచ్చు. లైసెన్సు ఉన్న వ్యాపారి నుంచి పొడవు తుపాకీ కొనాలంటే 18 ఏళ్లు, పిస్తోలుకైతే 21 ఏళ్లు నిండాలి. కాని మీ బావమరిదీ మీ అమ్మానాన్నలూ నిషిద్ధుల జాబితాలో ఉన్నారు. ఈ నేరానికి 2022లో వచ్చిన చట్టం తరువాత గరిష్ఠ శిక్ష 15 ఏళ్ల జైలు.

‘కలిగి ఉండటం’ అంటే జేబులో పెట్టుకోవడమే కాదు. తుపాకీ ఎక్కడ ఉందో తెలిసి, కావాలనుకుంటే దానిని తన అధీనంలోకి తెచ్చుకోగల శక్తీ ఉద్దేశమూ ఉంటే, ముట్టుకోకపోయినా కలిగి ఉన్నట్టే కోర్టులు పరిగణిస్తాయి. ఒకే ఇంట్లో ఉన్నంత మాత్రాన నేరం కాదు గాని, అందరికీ తెలిసిన సొరుగులో తుపాకీ పడి ఉండటం బావమరిదిని అనవసరమైన ప్రమాదంలోకి నెడుతుంది. ఇనుప పెట్టెలో పెట్టి, దాని సంకేతం మీ ఇద్దరికి తప్ప మరెవరికీ తెలియకుండా ఉంచడమే మార్గం. మీరు ఊళ్లో లేనప్పుడు అవసరపడుతుందని అతనికి ఆ సంకేతం చెప్పారంటే మీ ఇద్దరికీ చిక్కే, ఎందుకంటే నిషిద్ధుడని తెలిసి తుపాకీ అందించడం కూడా విడిగా నేరమే. అతని డబ్బుతో, అతని కోసం మీ పేరు మీద కొనడం ఇంకా పెద్ద నేరం. కొనేటప్పుడు నింపే 4473 ఫారంలో అసలు కొనుగోలుదారు మీరేనని సంతకం చేస్తారు.

ఇందులో ఒక మినహాయింపు ఉంది. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఉన్న వలసేతరుడికి ఫెడరల్ నిషేధం వర్తించదు. అందుకే కొందరు హెచ్‌1బీ వారు వేటకు వెళ్లకపోయినా ఆ లైసెన్సు తీసుకుంటారు. అది చట్టంలో ఉన్న దారే. అయితే లైసెన్సు గడువు తీరిన మరుక్షణం నుంచి ఇంట్లో ఉన్న తుపాకీ నేరంగా మారుతుంది, పైగా కొన్ని రాష్ట్రాలు తమ సొంత నిబంధనలతో ఈ దారిని కూడా మూసివేశాయి. ఇంత సన్నని తాడు మీద కుటుంబ భవిష్యత్తును నడిపించవద్దన్నది నా వ్యక్తిగత అభిప్రాయం.

ఎందుకంటే జైలుశిక్ష కంటే పెద్ద దెబ్బ వలస చట్టం నుంచి వస్తుంది. తుపాకీ కొనడం, కలిగి ఉండటం, వాడటం వంటి వాటికి సంబంధించిన ఏ చట్టాన్ని ఉల్లంఘించినట్టు నేరం రుజువైనా, పౌరసత్వం లేనివారిని దేశం నుంచి పంపించివేయవచ్చు. ఇది గ్రీన్‌కార్డు ఉన్నవారికి కూడా వర్తిస్తుంది, అంటే మీకు కూడా. చిన్న నేరమే కదా అని ఒప్పుకొని జరిమానా కట్టి బయటపడదామన్న ఆలోచన పౌరులకు పనికివస్తుందేమో గాని మనకు పనికిరాదు. నేరం ఒప్పుకుంటే దేశబహిష్కరణ ముప్పు ఉందని నిందితుడికి చెప్పడం డిఫెన్స్ న్యాయవాది బాధ్యతేనని సుప్రీంకోర్టు 2010లో పడీయా కేసులో తేల్చింది. కాబట్టి అటువంటి పరిస్థితి వస్తే క్రిమినల్ న్యాయవాదితో పాటు వలస చట్టం తెలిసినవారిని కూడా మొదటి రోజే సంప్రదించండి.

ఇంట్లో పిల్లలు ఉంటే నిల్వ నిబంధనలు కూడా చూడాలి. టెక్సాస్‌లో, వెంటనే పేల్చడానికి వీలుగా ఉన్న తుపాకీ పదిహేడేళ్ల లోపు పిల్లల చేతికి చిక్కేలా నిర్లక్ష్యంగా ఉంచితే 46.13 సెక్షన్ కింద నేరం. మసాచుసెట్స్‌లో పిల్లలు ఉన్నా లేకపోయినా తాళం వేయవలసిందే. మిషిగన్‌లో పాఠశాలలో కాల్పులు జరిపిన ఒక విద్యార్థి తల్లిదండ్రులకు 2024లో హత్యా సమానం కాని నరహత్య కింద చెరి 10 నుంచి 15 ఏళ్ల శిక్ష పడింది.


గడప (అడిగినవారు)

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. బావమరిది విషయం మా ఆలోచనలోకే రాలేదు. అతని వీసా సంగతి ఒక కొలిక్కి వచ్చేవరకు కొనుగోలును వాయిదా వేయాలని నా భార్య అంటోంది, నాకూ అదే సబబనిపిస్తోంది. రెండు చిన్న సందేహాలు మిగిలాయి. మనిషిని కాల్చకుండా పైకో నేల మీదికో ఒక తూటా పేల్చి బెదిరిస్తే గొడవ తప్పుతుంది కదా? అలాగే న్యూజెర్సీకి మారితే ఇక్కడ కొన్నది అక్కడికి తీసుకువెళ్లవచ్చా?

ఏకలవ్య గారి వాదన చదివాక ఇంకొక కుతూహలం కూడా కలిగింది. మన దేశంలో చట్టం దీనికంటే కఠినంగా ఉంటుందా?


సమాధానం: నల్లకోటు

బెదిరింపు తూటా చాలామంది అనుకున్నంత నిరపాయకరం కాదు. తుపాకీ పేల్చడమన్నది ఎటు గురిపెట్టినా ప్రాణాంతక బలప్రయోగంగానే అనేక కోర్టులు చూస్తాయి. అంటే మనిషిని కాల్చే హక్కు మీకు లేని సందర్భంలో పైకి కాల్చే హక్కు కూడా సాధారణంగా ఉండదు. పైగా నిజంగా ప్రాణభయమే ఉంటే పైకి ఎందుకు కాల్చారన్న ప్రశ్న ప్రాసిక్యూటర్ నుంచి తప్పక వస్తుంది. ఫ్లోరిడాలో ఇటువంటి ఒక కేసులో పడిన కఠిన శిక్ష మీద పెద్ద చర్చ జరిగాక, అక్కడి చట్టసభ 2014లో బలం వాడతానని బెదిరించడానికి కూడా ఆత్మరక్షణ మినహాయింపును విస్తరించింది. టెక్సాస్‌లో 9.04 సెక్షన్ ప్రకారం, అవసరమైతే వాడతానన్న భయం కలిగించడానికి మాత్రమే ఆయుధాన్ని చూపించడం ప్రాణాంతక బలం కిందికి రాదు. కాని అది చూపించడానికి సంబంధించిన మాట, పేల్చడానికి కాదు. పేల్చిన తూటా ఎక్కడో ఒకచోట దిగుతుందన్న సంగతి కూడా ఉండనే ఉంది.

న్యూజెర్సీలో తుపాకీ కొనుగోలుకు పోలీసు శాఖ ద్వారా గుర్తింపు కార్డూ, ప్రతి పిస్తోలుకూ విడిగా అనుమతి పత్రమూ కావాలి. కొత్తగా వచ్చి స్థిరపడేవారికి వర్తించే నిబంధనలు, నిషేధించిన తూటాపెట్టెల పరిమాణాలు, మోసుకువెళ్లే పద్ధతి, వీటన్నింటినీ బయలుదేరక ముందే అక్కడి న్యాయవాదితో సరిచూసుకోవాలి. 1986 నాటి ఫెడరల్ చట్టం, తూటాలు తీసివేసి, అందుబాటులో లేకుండా తాళం వేసి ఒక రాష్ట్రం గుండా మరొక రాష్ట్రానికి తీసుకువెళ్లేవారికి రక్షణ ఇస్తుంది గాని, బయలుదేరిన చోటా చేరే చోటా కూడా దానిని కలిగి ఉండే హక్కు మీకు ఉన్నప్పుడే అది వర్తిస్తుంది. ఇంట్లో ఆత్మరక్షణకు పిస్తోలు ఉంచుకోవడం రాజ్యాంగబద్ధమైన హక్కని సుప్రీంకోర్టు 2008లో హెల్లర్ కేసులో చెప్పింది, 2010లో దానిని రాష్ట్రాలకూ వర్తింపజేసింది. అయినా లైసెన్సు అడిగే అధికారం రాష్ట్రాలకు పోలేదు. న్యూయార్క్‌లో లైసెన్సు లేని పిస్తోలు సొంత ఇంట్లో ఉన్నా నేరమే.


సమాధానం: పాతకాపు

భారతదేశం సంగతి క్లుప్తంగా చెబుతాను. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు ఉన్న సెక్షన్లు ఆత్మరక్షణకు సంబంధించినవి, పాత శిక్షాస్మృతిలో ఇవే 96 నుంచి 106 వరకు ఉండేవి. అక్కడి హక్కు మనం అనుకునేంత ఇరుకైనది కాదు. దోపిడీ జరుగుతున్నప్పుడు, సూర్యాస్తమయానికీ సూర్యోదయానికీ మధ్య ఇంటికి కన్నం వేసినప్పుడు, ఇంటికి నిప్పు పెట్టినప్పుడు, ఆస్తిని కాపాడుకునే క్రమంలో ప్రాణం తీయడానికి కూడా 41వ సెక్షన్ అవకాశం ఇస్తుంది. చీకటికి ఇచ్చిన ఈ ప్రాధాన్యం టెక్సాస్ చట్టంలోని రాత్రివేళ షరతును గుర్తుకు తెస్తుంది. అయితే అధికారుల రక్షణ పొందే వ్యవధి ఉన్నప్పుడు ఈ హక్కు లేదని, రక్షణకు అవసరమైనంతకు మించి హాని చేయరాదని 37వ సెక్షన్ హద్దు పెడుతుంది. 2010లో దర్శన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ సూత్రాలను ఒకచోట చేర్చి చెబుతూ, చట్టాన్ని గౌరవించే పౌరుడు దాడిని ఎదుర్కొన్నప్పుడు పిరికివాడిలా ప్రవర్తించాలని ఆశించరాదని స్పష్టం చేసింది. దాడి తీవ్రతలో ఉన్నప్పుడు దెబ్బను త్రాసులో తూచినట్టు తూచి కొట్టడం ఎవరి వల్లా కాదన్నది కూడా న్యాయస్థానాలు ఎప్పటి నుంచో అంగీకరిస్తున్న మాట.

కఠినత్వమంతా తుపాకీ చేతికి రావడంలోనే ఉంది. 1959 నాటి ఆయుధాల చట్టం కింద లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకోవడమే నేరం, 2019 సవరణ తరువాత సాధారణంగా ఒక వ్యక్తికి రెండు తుపాకులకు మించి అనుమతి లేదు, లైసెన్సు గడువు ఐదేళ్లు. ఎన్నికలు వచ్చినప్పుడు లైసెన్సు ఉన్నవాటిని కూడా ఠాణాలో అప్పగించమని అధికారులు ఆదేశించడం మనకు తెలిసినదే. అమెరికాలో తుపాకీ సులువుగా దొరికి, దాని వాడకం మీద విచారణ తరువాత జరుగుతుంది. మన దగ్గర ఆ విచారణలో పెద్ద భాగం లైసెన్సు ఇచ్చేముందే జరిగిపోతుంది.

గడప గారికి ఒక చివరి వివరం. టెక్సాస్‌లో ఎప్పుడైనా కాల్చవలసి వచ్చినా, అది పూర్తిగా న్యాయబద్ధమే అయినా, ఆ తుపాకీని పోలీసులు సాక్ష్యంగా తీసుకువెళతారు, దర్యాప్తు ముగిసేవరకు అది తిరిగి రాదు. అత్యవసర సహాయపు నంబరు 911కు ఫోన్ చేసి చిరునామా, గాయపడినవారున్నారన్న సంగతి, చొరబాటు జరిగిందన్న సంగతి చెప్పండి. ఆ సంభాషణ మొత్తం రికార్డవుతుందని గుర్తుంచుకోండి. పోలీసులు వచ్చేసరికి తుపాకీ చేతిలో ఉండకూడదు. మీరెవరో, ఏం జరిగిందో రెండు మాటల్లో చెప్పి, మిగతా ప్రశ్నలకు న్యాయవాది సమక్షంలో జవాబిస్తానని మర్యాదగా చెప్పడానికి మీకు హక్కు ఉంది.